కలానికీ కూలికీ నడుమ

కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించేనాటికి తెలుగునాట పత్రికా సంపాదకత్వం ఒక వ్యాసంగమే తప్ప జీవనోపాధి కాదు. ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడిగా జీవిక సాగిస్తూ, న్యాయస్థానాల చుట్టూ అల్లుకున్న లంచగొండితనాన్ని పత్రికలో ఎండగట్టి, అధికారుల ఆగ్రహాన్నీ ఛాందసుల శాపనార్థాలనూ ఒకేసారి భరించిన ఆయనను చూసినవారికి, పత్రిక నడిపేవాడు పత్రిక మీద ఆధారపడి బతకరాదన్న భావన కలగడం సహజమే. సంపాదకుడి జీవిక మరొకచోట ఉన్నప్పుడే అతని మాటకు బెదురుండదన్న నమ్మకం దానికి మూలం గనుక, పుట్టుకలో ఆ భావన ఉదాత్తమైనదనే ఒప్పుకోవాలి. అయితే అదే భావన తరవాతి నూరేళ్లలో రాసేవాడి నియమంగా కాక రాయించుకునేవాడి సౌకర్యంగా ఎలా పరిణమించిందో, ఆ పరిణామంలో పౌరసంబంధాలనే జంట వృత్తికి ఎంత పాలు ఉన్నదో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జాతీయోద్యమం ఆ భావనకు త్యాగమనే పేరు పెట్టింది. 1902లో బందరులో కొండా వెంకటప్పయ్య ప్రభృతులు స్థాపించిన ‘కృష్ణాపత్రిక’ 1907లో ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలోకి వచ్చి, 1945లో ఆయన కన్నుమూసేదాకా ఆయన వ్యక్తిత్వానికి పర్యాయపదంగా నిలిచింది. పాఠకుల గౌరవాన్ని పుష్కలంగా సంపాదించిన ఆ పత్రిక ధనార్జనకు సాధనం మాత్రం కాలేదు. బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ను నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహ నేరారోపణకు గురై మూడేళ్ల కారాగారవాసానికి వెళ్లారు. సంపాదకుడిని చెరలో పెట్టడం వల్ల అతని కీర్తి పెరుగుతున్నదే గాని పత్రికల ధాటి తగ్గడం లేదని గ్రహించిన ప్రభుత్వం, 1910 నాటి పత్రికా చట్టంతో గురిని మార్చింది. కొత్తగా ముద్రణాలయం పెట్టేవాడు 500 రూపాయలకు తగ్గకుండా, 2000కు మించకుండా ధరావతు చెల్లించాలనీ, అభ్యంతరకరమైన రాత అచ్చయితే ఆ సొమ్ము ప్రభుత్వపరమవుతుందనీ ఆ చట్టం శాసించింది. దాని చాతుర్యం గమనించదగినది. శిక్ష రాసినవాడి దేహం మీద కాక అచ్చువేసినవాడి ఆస్తి మీద పడటంతో, అప్పటిదాకా సంపాదకుడి సాహసానికి అతని ధైర్యమే హద్దుగా ఉండగా, ఇకమీదట యంత్రం యజమాని గుండెనిబ్బరం హద్దయింది. స్వాతంత్ర్యానంతర కాలంలో ఎక్కువగా వినబడిన యజమాని-సంపాదక వివాదాలకు తొలి బీజాన్ని విదేశీ ప్రభుత్వమే నాటిందనడం అతిశయోక్తి కాదు.

నిజాం రాజ్యంలో పరిస్థితి ఇంకా క్లిష్టమైనది. రాజభాష ఉర్దూ కావడం, తెలుగు చదవగలవారే కొద్దిమంది కావడం, సభలకూ సమావేశాలకూ సైతం అనుమతి అవసరం కావడం వల్ల అక్కడ పత్రిక పెట్టడమంటే పాఠకుణ్ణి కూడా తయారుచేసుకోవడమే. ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తిలో 1922లో ‘తెనుగు పత్రిక’ను స్థాపించిన ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావులు వార్తలు రాయడం, అక్షరాలు కూర్చడం, అచ్చువేయడం, చిరునామాలంటించి టపాకు చేర్చడం వరకు సమస్తం స్వయంగా నిర్వహించారు. నేడు పదిమంది ఉద్యోగుల మధ్య పంచబడే పనిని ఇద్దరన్నదమ్ములు ఒక పల్లెటూరిలో చేశారంటే వారి నిష్ఠ ఎంత శ్లాఘ్యమో, ఆ నిష్ఠ లేనిచోట పత్రికే లేదన్న వాస్తవం అంత శోచనీయం. సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926 మే 10న హైదరాబాదులో వెలువడిన ‘గోలకొండ పత్రిక’ మరింత దీర్ఘాయువు పొందింది. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిన ప్రతాపరెడ్డి, వాదానికి దిగకుండా వస్తువును ముందుంచి ఎదుటివాడి నోరు మూయించే పద్ధతికి మంచి ఉదాహరణ చూపారు. తమ ప్రాంతపు ప్రతిష్ఠను నిలబెట్టడమే ఆ సంచిక లక్ష్యం కనుక దానిని ఉత్తమస్థాయి పౌరసంబంధ కార్యమనికూడా అనవచ్చు. ఆనాడు పత్రికారచనకూ పౌరసంబంధాలకూ మధ్య విభజన ఎవరి ఊహలోనూ లేదు.

ఆ విభజన లేకపోవడం కాశీనాథుని నాగేశ్వరరావు జీవితంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1893లో బొంబాయిలో అమృతాంజనాన్ని తయారుచేయ మొదలుపెట్టిన ఆయన, సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితంగా పంచిపెట్టి ప్రచారం సాధించారని ప్రసిద్ధి. ఆ వ్యాపారం మీద వచ్చిన లాభమే 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగానూ, 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రికగానూ నిలబెట్టింది. జనం నాడి తెలిసిన ప్రచారదక్షుడే జాతీయవాద పత్రికాధిపతి కావడంలో ఆనాటివారికి వైరుధ్యమేదీ తోచలేదు. తోచవలసిన అవసరం కూడా లేదు. ఆయన అంజనం అమ్మి పత్రికను పోషించారే గాని పత్రికను అమ్మి అంజనాన్ని పోషించలేదు. ధనం ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు ప్రవహిస్తున్నదన్న ప్రశ్న ఒక్కటి పట్టుకుంటే తెలుగు పత్రికల చరిత్రలో చాలా ముళ్లు విడిపోతాయని నా అభిప్రాయం.

అదే దశకంలో ప్రభుత్వం కూడా ప్రచారాన్ని ఒక శాస్త్రంగా అభ్యసించ మొదలుపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో భారత ప్రభుత్వం కేంద్ర ప్రచార సంఘాన్ని ఏర్పరచి దాని నాయకత్వాన్ని ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ సంపాదకుడు స్టాన్లీ రీడ్‌కు అప్పగించడం యాదృచ్ఛికం కాదు. వార్త ఎలా పుడుతుందో ఎరిగినవాడే వార్తను ఎలా పుట్టించాలో చెప్పగలడన్న సూత్రం అప్పటినుంచి ఈ దేశంలో స్థిరపడింది. పత్రికా కార్యాలయం నుంచి సమాచార శాఖకూ, ఆ తరవాత ప్రైవేటు సంస్థల ప్రచార విభాగాలకూ సాగిన వలస నేటికీ ఆగలేదు.

1938లో రామనాథ్ గోయెంకా మద్రాసు నుంచి ‘ఆంధ్రప్రభ’ను ప్రారంభించడంతో తెలుగు పత్రికారంగంలో ఒక యుగం ముగిసి మరొకటి మొదలయింది. పెట్టుబడి ఒకరిది, కలం మరొకరిది అన్న ఏర్పాటు అప్పటికి పూర్తిగా కొత్తది కాకపోయినా, దానికి ఇంతటి పరిమాణం, ఇంతటి నిరంతరత అంతకుముందు లేవు. 1942 నుంచి 1959 వరకు దాని సంపాదకుడుగా ఉన్న నార్ల వెంకటేశ్వరరావు పదునైన సంపాదకీయాలతో, నలుగురికీ తెలిసే భాషతో దినపత్రికను సామాన్యుడి ఇంటికి చేర్చారు. అయితే ఆయన చుట్టూ పనిచేసిన ఉపసంపాదకులూ, ప్రూఫురీడర్లూ, జిల్లా విలేకరులూ ఎవరు? వారు వీరేశలింగం వలె బడిపంతుళ్లు కారు, నాగేశ్వరరావు వలె వ్యాపారులు కారు. నెలజీతం మీద కుటుంబాన్ని పోషించుకుంటూ, రాత్రి రెండింటికి ఆఖరి పేజీ అచ్చుకు వదిలి ఇంటికి నడిచిపోయే ఉద్యోగులు. వృత్తి మారింది, వృత్తినుంచి ఆశించే త్యాగం మాత్రం మారలేదు. పూర్వం సంపాదకుడు తన ఆశయం కోసం తాను పస్తుండగా, ఇప్పుడు ఉపసంపాదకుడు పరుల పెట్టుబడి కోసం పస్తుండవలసి వచ్చింది.

ఈ మార్పు స్థిరపడుతున్న సమయంలోనే త్యాగయుగపు చివరి ఘట్టం హైదరాబాదులో సాగింది. ఉస్మానియా పట్టభద్రుడైన షోయబుల్లాఖాన్ మందుముల నరసింగరావు ‘రయ్యత్’లో పనిచేసి, దానిని నిజాం ప్రభుత్వం నిషేధించాక ‘ఇమ్రోజ్’ పత్రికను నెలకొల్పి, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనం కావాలని నిర్భయంగా వాదించారు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని కాచిగూడలోని ఇంటికి తిరిగి వెళుతుండగా దుండగులు ఆయనపై కాల్పులు జరిపి చేయి నరికారు. తెల్లవారేలోగా ఆయన ప్రాణాలు విడిచారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. నెల తిరగకముందే సంస్థానం భారత సైన్యాల వశమయింది. ఆ మరణాన్ని స్మరించేటప్పుడు మనం సాధారణంగా ఆయన ధైర్యాన్నే కీర్తిస్తాము. ఆ పత్రిక మిత్రుల ఆర్థిక సహాయం మీదనే నడిచిందన్న సంగతినీ, అర్ధరాత్రి పని ముగించిన సంపాదకుడు ఏ రక్షణా లేకుండా ఇంటికి వెళ్లవలసి వచ్చిందన్న సంగతినీ అంతగా తలచుకోము.

1950లో భారత శ్రామిక పాత్రికేయుల సమాఖ్య ఏర్పడి, లక్నో ‘నేషనల్ హెరాల్డ్’ సంపాదకుడు, తెలుగువాడు అయిన మానికొండ చలపతిరావును తొలి అధ్యక్షుడుగా ఎన్నుకున్నప్పుడు, పాత్రికేయుడు కూడా శ్రామికుడేనన్న మాట మొదటిసారి అధికారికంగా వినబడింది. సంపాదకుడే కార్మికసంఘానికి నాయకుడు కావడం పలువురికి ఎబ్బెట్టుగా తోచింది, చలపతిరావుకు తోచలేదు. జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన 1952లో నియమితమైన తొలి పత్రికా సంఘంలో ఆయన సభ్యులు. 1954లో ఆ సంఘం సమర్పించిన నివేదిక పర్యవసానంగా 1955లో శ్రామిక పాత్రికేయుల చట్టం వచ్చింది. నాలుగు వారాలలో పనిగంటలు 144కు మించరాదని, వారానికి ఇరవైనాలుగు గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని, వేతనాలను ఒక మండలి నిర్ణయించాలని అది విధించింది. 1957 నియమావళి పగటి విధికి ఆరు గంటలు, రాత్రి విధికి అయిదున్నర గంటలు పరిమితిగా పెట్టి, రాత్రి విధి వరసగా వారం మించరాదని కూడా చేర్చింది. దేహధర్మాన్ని గుర్తించిన ఈ నిబంధనలు కాగితం మీద నేటికీ ముచ్చటగొలుపుతాయి.

ఆచరణ కథ వేరు. జస్టిస్ దివాటియా నాయకత్వంలోని వేతనమండలి నిర్ణయాన్ని యజమానులు సవాలు చేయగా, ఎక్స్‌ప్రెస్ వార్తాపత్రికల కేసులో 1958 మార్చిలో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు చట్టాన్ని ప్రధానాంశాల్లో సమర్థించి, పరిశ్రమ చెల్లింపుశక్తిని మండలి తగినంతగా పరిశీలించలేదన్న కారణంతో వేతననిర్ణయాన్ని కొట్టివేసింది. న్యాయదృష్టిలో ఆ తీర్పు అసంగతమైనది కాదు. చిన్న పత్రికలు కొత్త జీతాల భారం మోయలేవన్న వాదనలో సత్యం లేకపోలేదు. కాని పెద్ద పత్రికలు చిన్న పత్రికల పేదరికాన్ని తమ కవచంగా వాడుకోవడం అప్పటినుంచి పరిపాటి అయింది. మద్రాసులో కార్మిక వివాదం ముదిరిన 1959లో ‘ఆంధ్రప్రభ’ ఆ నగరాన్ని వదిలి చివరికి విజయవాడ చేరింది. నార్ల బయటకు వచ్చి 1960లో ‘ఆంధ్రజ్యోతి’కి తొలి సంపాదకులయ్యారు.

1955 చట్టంలోనే ఒక లోపం కూడా ఉన్నది. దాని పర్యవసానం అప్పటికి ఎవరికీ అందలేదు. పాత్రికేయం ఎవరికి ప్రధాన వృత్తియో వారికే చట్టరక్షణ అని నిర్వచనం చెప్పింది. నగర కార్యాలయంలోని ఉపసంపాదకుడికి అది సరిపోయింది. తాలూకా కేంద్రంలో బడిపంతులుగానో, దుకాణదారుగానో, గుమాస్తాగానో ఉంటూ వార్తలు పంపే విలేకరి దాని పరిధికి వెలుపల ఉండిపోయాడు. 1989లో సవరణ ద్వారా పార్ట్‌టైమ్ పనివారిని ప్రస్తావించినా, ప్రధాన వృత్తి అన్న షరతు తొలగలేదు.

పౌరసంబంధాల వృత్తి ఇదే కాలంలో తన ప్రత్యేక రూపాన్ని దిద్దుకున్నది. 1958లో భారత పౌరసంబంధాల సంఘం ఏర్పడింది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన తొలి జాతీయ సదస్సులో నీతినియమావళిని స్వీకరించింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించాక సమాచార పౌరసంబంధాల శాఖ జిల్లాజిల్లాకూ వ్యాపించి, డీపీఆర్వో (జిల్లా పౌరసంబంధాధికారి) అన్న ఉద్యోగి ప్రతి జిల్లా విలేకరికీ నిత్యపరిచయస్థుడయ్యాడు. ఆ ఉద్యోగి కష్టాలు ఏ సభలోనూ ప్రస్తావనకు రావు. మంత్రి పర్యటనకు తెల్లవారుజామున వాహనాలు సిద్ధంచేసి, సభలో తొక్కిసలాట మధ్య ఫొటోగ్రాఫర్లకు చోటుచూపి, సాయంత్రం పేజీలు మూసేలోగా ప్రెస్‌నోట్ అందించి, మరునాడు వార్త రాకపోతే మంత్రిచేతా, వచ్చిన వార్త కటువుగా ఉంటే కలెక్టరుచేతా మాటపడటం అతని దినచర్య. అతని రచన ప్రతిరోజూ అచ్చవుతుంది. అతని పేరు ఏనాడూ అచ్చుకాదు. ప్రజలకు తెలియవలసినది చెప్పడం, ప్రభుత్వానికి ఇష్టమైనది చెప్పడం అనే రెండు ధర్మాలు ఒకే కుర్చీలో కూర్చున్నందువల్ల ఆ వృత్తికి సహజంగానే ఒక లోపలి చీలిక ఏర్పడింది. విలేకరులకు గుర్తింపు కార్డులు, బస్సుపాసులు, ఇళ్లస్థలాల సిఫారసులు కూడా అదే శాఖ ద్వారా నడవడంతో, యజమాని ఇవ్వని దానిని ప్రభుత్వం ఇచ్చే ఏర్పాటు క్రమంగా బలపడింది.

ఆ ఏర్పాటులోని ప్రమాదం 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటనతో బయటపడింది. పత్రికలపై సెన్సారు విధించినప్పుడు దానిని అమలుచేసే పని ప్రధానంగా సమాచార శాఖల అధికారులకే పడింది. నిన్నటిదాకా వార్త వేయమని బతిమాలినవారు ఈరోజు వార్త తీసివేయమని ఆజ్ఞాపించే స్థితికి వచ్చారు. 1976 ఫిబ్రవరిలో నాలుగు వార్తాసంస్థలను ‘సమాచార్’ అన్న ఒక్క సంస్థగా కలిపారు. ప్రభుత్వ ప్రకటనల పంపిణీకి పత్రికలను మిత్రులు, తటస్థులు, విరోధులుగా వర్గీకరించిన సంగతి 1977 ఆగస్టులో వెలువడిన శ్వేతపత్రం ద్వారా లోకానికి తెలిసింది. ఆ అధికారులందరినీ దుర్మార్గులుగా చిత్రించడం సులభం, న్యాయం కాదు. వారిలో చాలామంది నిన్నటి పాత్రికేయులే, తమ పూర్వసహచరుల రాతలను కొట్టివేయడానికి వెనుకాడినవారే. అయినా పై ఆజ్ఞను నిరాకరించగల రక్షణ వారి ఉద్యోగంలోనూ లేదు, 1968 నాటి నీతినియమావళికి ఆ సంకటంలో వారిని కాపాడగల శక్తీ లేదు.

తెలుగు పత్రికల రూపురేఖలను సమూలంగా మార్చిన ఘట్టం అత్యవసర పరిస్థితికి ఏడాది ముందే మొదలయింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో రామోజీరావు ప్రారంభించిన ‘ఈనాడు’ పాఠకుడు నిద్రలేచేసరికి పత్రిక గుమ్మంలో ఉండాలన్న సూత్రం మీద పంపిణీని నిర్మించి, ఊరి వార్తకు దేశవార్తతో సమాన ప్రతిపత్తి ఇచ్చింది. 1980ల చివర జిల్లా అనుబంధాలు మొదలయ్యేసరికి ప్రతిరోజూ నిండవలసిన పేజీలు అనేకరెట్లు పెరిగాయి; పోటీ పత్రికలూ అదే దారి పట్టాయి. కుళాయి రాని వీధి, టీచరు లేని బడి, మందులు లేని ఆసుపత్రి తొలిసారిగా అచ్చుకెక్కి, ఎన్నో చోట్ల అధికారులను కదిలించాయి. ఇది ప్రజాస్వామ్యానికి జరిగిన నిజమైన మేలు, దానిని తక్కువ చేయరాదు.

ఆ పేజీలను నింపినవాడు మండల విలేకరి. జీతం కాక లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి చెల్లించే స్వల్పమొత్తం, అతని ప్రతిఫలం. పెట్రోలు ఖర్చుకు కూడా చాలని సందర్భాలే అధికం. చాలాచోట్ల వార్తలు పంపే అతనికే ప్రకటనలు సేకరించే బాధ్యత కూడా అప్పగించారు. నాయకుడి పుట్టినరోజుకు, పండగ శుభాకాంక్షలకు, కొత్త దుకాణం ప్రారంభానికి ప్రకటన తెచ్చినవాడికి అందులో కొంత శాతం కమిషన్. ఉదయం ఎవరి రేషన్ దుకాణంలో తూకం తప్పిందో రాసినవాడు సాయంత్రం అదే డీలరు దగ్గరకు దసరా ప్రకటన కోసం వెళ్లవలసిన పరిస్థితిలో, విలేకరికీ పౌరసంబంధాధికారికీ మధ్య గీత ఒక్కమనిషి లోపలే చెరిగిపోయింది. నగర కార్యాలయాల్లో వార్తావిభాగానికీ ప్రకటనల విభాగానికీ మధ్య గోడ ఉండాలని ఉపన్యాసాలు సాగుతున్న రోజుల్లోనే, మండలకేంద్రంలో ఆ గోడను యాజమాన్యాలే తొలగించాయి. విలేకరి అవినీతిని ఖండించేవారు ఈ నేపథ్యాన్ని మరవరాదు. అలాగని ఈ నేపథ్యాన్ని చూపి బెదిరించి డబ్బు గుంజినవారిని క్షమించడమూ తగదు. తక్కువ సంపాదనతోనూ నిజాయతీగా పనిచేసినవారు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, వారి ఉనికే మిగిలినవారి సాకును బలహీనపరుస్తుంది.

2009 ఎన్నికల్లో అభ్యర్థులు డబ్బిచ్చి తమ ప్రచారాన్ని వార్తలుగా వేయించుకున్నారన్న ఆరోపణలు దేశవ్యాప్తంగా వెల్లువెత్తినప్పుడు, వాటిపై విచారణకు ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతోపాటు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి సభ్యులు. పత్రికల పేర్లతో సహా వారు సమర్పించిన సవివర నివేదికను 2010 జూలైలో కౌన్సిల్ పక్కనపెట్టి సంక్షిప్త రూపాన్ని మాత్రమే వెలువరించింది. పూర్తిపాఠం 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తరవాత గాని బయటకు రాలేదు. పూర్వం ప్రకటన కోసం విలేకరి నాయకుడి ఇంటికి వెళితే, ఇప్పుడు వార్త కోసం నాయకుడి మనుషులు నేరుగా యాజమాన్యంతో ధర మాట్లాడుకున్నారు. కింది అంచెలో అలవాటయిన లావాదేవీ పై అంచెకు పాకడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

పాత్రికేయుల జీతాలపై మజీఠియా వేతనమండలి చేసిన సిఫారసులను 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సమర్థించినా, అప్పటికే కాంట్రాక్టు నియామకాలు ప్రబలిన కార్యాలయాల్లో వాటి ఫలం దక్కినవారు కొద్దిమందే. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక సంహితల్లో 1955 చట్టం లీనమయింది. ఈ మధ్యకాలంలో అనుభవజ్ఞులైన ఎందరో పాత్రికేయులు సంస్థల ప్రచార విభాగాలకూ, రాజకీయ నాయకుల మాధ్యమ సలహాదారుల పదవులకూ తరలిపోయారు. జీతం ఎక్కువ, రాత్రి విధి తక్కువ అన్న వారి సమాధానంలో తప్పుపట్టడానికి ఏముంది?

యజమాని ఇవ్వని దానిని ప్రభుత్వం ఇచ్చే పాత ఏర్పాటు ఇళ్లస్థలాల విషయంలోనూ కొనసాగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 2005 నుంచి జారీ అయిన ఉత్తర్వుల ద్వారా హైదరాబాదు పరిసరాల్లో ప్రజాప్రతినిధులకూ, అఖిలభారత సర్వీసుల అధికారులకూ, న్యాయమూర్తులకూ, వారితోపాటు పాత్రికేయులకూ గృహనిర్మాణ సహకార సంఘాల పేరిట ప్రభుత్వభూమిని కేటాయించారు. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు ఆ కేటాయింపులను సమానత్వ సూత్రానికి విరుద్ధమని రద్దుచేసింది. ఏళ్లతరబడి ఆ స్థలాలమీద ఆశపెట్టుకున్న పాత్రికేయులలో పలువురు అప్పటికి వృద్ధులు. అధికారులతోనూ న్యాయమూర్తులతోనూ ఒకే గాటన కట్టి తమను విశేషహక్కు పొందినవారిగా పరిగణించడం వారిని నొప్పించింది. రాజ్యాంగదృష్టిలో ఆ తీర్పును తప్పనడం కష్టం. అధికారాన్ని పరిశీలించవలసినవారు అధికారం చేతిమీదుగా స్థలం అందుకోవడమూ సమర్థనీయం కాదు. కాని పాత్రికేయుడు ఇంటిస్థలం కోసం ప్రభుత్వం గుమ్మం ఎక్కవలసిన అవసరం ఎందుకు కలిగిందన్నది, యజమానులు అర్ధశతాబ్దిపాటు చెల్లించని వేతనం మాట ఏమిటన్నది, ఆ న్యాయస్థానం ముందున్న వ్యాజ్యంలోని అంశాలు కావు.